పాత మండువా లోగిలి కొని నిలబెట్టుకోవాలంటే: గోదావరి డెల్టాలో కొనేవాళ్ళకి అడుగడుగునా చూసుకోవాల్సినవి

కోనసీమలో గానీ, పాలకొల్లు, ఆచంట, నరసాపురం వైపు గానీ ఏ పాత ఊళ్ళోకి వెళ్ళినా తాళం వేసిన మండువా ఇల్లు ఒకటైనా కనపడుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద వరి పండి చేతిలో డబ్బు ఆడిన కుటుంబాలు, ఆ తర్వాత రెండు మూడు తరాల్లో కట్టుకున్న ఇళ్ళివి. నాలుగు వైపుల నుంచీ పెంకు కప్పు లోపలికి వాలి ఉంటుంది. మధ్యలో ఆకాశం కనపడే మండువా, చుట్టూ టేకు స్తంభాలు, వీధి వైపు అరుగులు, వెనక దొడ్డి, నుయ్యి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడతారు. ఊళ్ళో ఉన్న పెద్దావిడ పోగానే తలుపుకి తాళం పడుతుంది. నాలుగు పెంకులు జారితే చూసే దిక్కుండదు. కొన్ని వానాకాలాలు గడిచాక గోడ మీద "ఈ ఇల్లు అమ్మబడును" అని రాస్తారు.

అలాంటి ఇల్లు కొని, బాగుచేయించుకుని, అందులో ఉందామనుకునే వాళ్ళ కోసం రాస్తున్నాను. స్తంభాలు, తలుపులు ఊడదీసి అమ్ముకునే వాళ్ళకి ఇది అక్కర్లేదు, వాళ్ళ లెక్క వాళ్ళకి బాగా తెలుసు. అయితే బేరంలో మీకు పోటీ వచ్చేది వాళ్ళే. ఆ సంగతి ధర దగ్గర మళ్ళీ చెప్తాను.

1. ఇల్లు వానలో చూడండి

అందరూ సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు చూస్తారు. ఎండగా ఉంటుంది, ముగ్గులేసి ఉంటాయి, ఇల్లు ముచ్చటగా కనపడుతుంది. అప్పుడు చూసి నచ్చితే నచ్చనివ్వండి, మాట మాత్రం ఇవ్వకండి. శ్రావణ భాద్రపదాల్లో, వాన పడుతుండగా ఒకసారి వెళ్ళి గంటసేపు లోపల నిలబడండి. ఈ నేల మీద పాత ఇంటిని కూల్చేది నీళ్ళే. చెద కూడా చెమ్మ ఉన్నచోటికే వస్తుంది. అందుకే స్తంభాల నగిషీ చూసే ముందు, పడిన నీళ్ళు ఎటు పోతున్నాయో చూడాలి.

ముందు మండువా. కప్పు మీద పడిన వానలో పెద్ద భాగం ఇంటి మధ్యలోకే దిగుతుంది. అక్కడి నుంచి ఒక మూలనున్న తూము ద్వారా, గదుల కింద నుంచి వీధి కాలువలోకో దొడ్లోకో పోవాలి. కట్టిన రోజున ఇంటి నేల వీధి కంటే రెండు మూడు మెట్లు ఎత్తులో ఉండేది. ఆ తర్వాత మెటల్ రోడ్డు, తారు రోడ్డు, దాని మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయేసరికి చాలా ఊళ్ళలో వీధే అరుగు దాకా ఎదిగింది. నీళ్ళు బయటికి పోవాల్సిన తూములోంచి ఇప్పుడు వీధి నీళ్ళు లోపలికి వస్తాయి. వాన లేనప్పుడు వెళ్ళాల్సి వస్తే మండువాలో వరసగా నాలుగైదు బిందెల నీళ్ళు గుమ్మరించి, ఒకరు లోపల, ఒకరు బయట తూము దగ్గర నిలబడండి. బయట ఎంతసేపటికి వస్తున్నాయి, అసలు వస్తున్నాయా? లోపల పోసిన నీళ్ళు బయట కనపడకుండా ఇంకిపోతున్నాయంటే, గదుల కింద తూము ఎక్కడో విరిగింది, ఆ నీళ్ళు పునాదిలోకి దిగుతున్నాయి. అమ్మేవాళ్ళు "మా చిన్నప్పటి నుంచీ బాగానే పోతాయండీ" అంటారు. వాళ్ళ చిన్నతనంలో బాగానే పోయి ఉంటాయి, రోడ్డు అప్పుడు కిందుండేది.

తర్వాత మండువా నాలుగు మూలలు. రెండు వాలు కప్పులు కలిసే ఈ మూలల్లోనే నీళ్ళన్నీ ఒకచోటికి చేరి పరిగెడతాయి. అక్కడ పరిచిన జింకు రేకు తుప్పు పట్టి చిల్లు పడితే కింద మూల వాసం, దాని కింద దూలం, దూలాన్ని మోసే స్తంభం తల వరసగా నానతాయి. టార్చి వేసి నాలుగు మూలలూ కింద నుంచి చూడండి. కలప నల్లబడి, తెల్లటి బూజు చార కనపడితే అక్కడ పని పెద్దదే.

ఇల్లు ఏటిగట్టుకి లోపలుందా, అవతల లంకలో (నది పాయల మధ్య నేలలో) ఉందా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ గోదావరి ఆ గీత దాటి చాలా పైకి వచ్చింది. ఆ రెండుసార్లూ నీళ్ళు ఈ వీధిలో ఎక్కడిదాకా వచ్చాయో ఎదురింటి వాళ్ళని అడగండి. అమ్మేవాళ్ళని అడిగితే లాభం లేదు. కొన్ని ఇళ్ళ గోడల మీద ఆ మట్టి గీత ఇంకా ఉంటుంది, కొత్తగా సున్నం వేసింది కింద నాలుగడుగులకే అయితే ఎందుకని అడగండి.

పక్కన చేపల చెరువో రొయ్యల చెరువో ఉందేమో కూడా చూసుకోండి. ఏడాది పొడవునా నీళ్ళు నిలవుండే చెరువు దొడ్డిగోడ వెనకే ఉంటే గోడల్లో చెమ్మ ఎప్పటికీ ఆరదు. అది ఉప్పునీటి చెరువైతే నుయ్యి కూడా పోయినట్టే. నేనైతే అలాంటి ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా వద్దంటాను.

2. మొదట వడ్రంగిని తీసుకెళ్ళండి

ఇంజనీరుని తర్వాత పిలవచ్చు. చాలామంది ఇంజనీర్లు ఇలాంటి ఇల్లు చూడగానే "పడగొట్టి స్లాబు వేసుకోండి" అంటారు, వాళ్ళ చదువులో ఉన్నది అదే కాబట్టి. పెంకుటిళ్ళ మీద పనిచేసిన పెద్ద వయసు వడ్రంగి మేస్త్రి ఒకాయన్ని రోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. సుత్తి, స్క్రూడ్రైవర్, టార్చి, నిచ్చెన చాలు.

స్తంభాన్ని నడుము ఎత్తులో తట్టి చూస్తే ఏమీ తెలియదు, అక్కడ ఎప్పుడూ బాగానే ఉంటుంది. రాతి పాదం మీద ఆనే చోట, కింద నాలుగంగుళాల్లో స్క్రూడ్రైవర్‌తో పొడవాలి. మెత్తగా దిగితే పుచ్చిపోయిందన్నమాట. దూలాలకైతే గోడలోకి దిగిన చివర్లు చూడాలి. గాలాడక, గోడ చెమ్మ పీల్చుకుని ముందు అక్కడే పాడవుతాయి. మధ్యలో ఉక్కులా ఉన్న దూలం గోడలో పిండి అయిపోయి ఉండొచ్చు. తాటి వాసాలు నల్లగా, గట్టిగా ఉంటే ఇంకో తరం వాడుకోవచ్చు, తట్టినప్పుడు డొల్ల మోత వస్తే మార్చాల్సిందే. చెద మట్టి గొట్టాలు గోడ మూలల్లో, ద్వారబంధాల వెనక, అటక మీద వెతకండి. పొడిగా రాలిపోతే పాతవి, తడిగా ఉండి పురుగు కనపడితే ఇంకా తింటున్నట్టు.

స్తంభం పాదం పుచ్చిందని బెదిరిపోనక్కర్లేదు. పాడైన ముక్క కోసేసి, పాత టేకు ముక్కనే ఏటవాలు అతుకుతో కలిపే పని మంచి వడ్రంగికి తెలుసు. దూలాలు, మూల వాసాలు కలిపి సగానికి పైగా పోయి ఉంటే మాత్రం మీరు బాగుచేయించేది పాత ఇల్లు కాదు, పాత ఇంటి ఆకారంలో కొత్త ఇల్లు. ఆ ఖర్చు వేరు.

గోడలు మట్టి అడుసుతో కట్టిన ఇటుకా, సున్నంతో కట్టినదా అన్నది పెచ్చు ఊడిన చోట గోటితో గీకితే తెలిసిపోతుంది. మట్టి అయితే కప్పు ఎన్నాళ్ళు కారిందన్నదే ముఖ్యం. బీటలు చూసి కంగారుపడకండి. మన నల్లరేగడి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది, దానితో పాటు పునాదీ కదులుతుంది, వెంట్రుకవాసి బీటలు లేని పాత ఇల్లు ఇక్కడ ఉండదు. బీట కింద నుంచి పైకి వెడల్పవుతూ పోయినా, గోడ వీధి వైపు ఒరిగినా అది వేరే సంగతి. బేరం నెలల తరబడి సాగుతుంది కాబట్టి, బీట చివర పెన్సిలు గీత పెట్టి తేదీ రాయండి, బీటకి అడ్డంగా ఒక సన్నని గాజు ముక్క అతికించండి. మళ్ళీ వెళ్ళేసరికి గాజు విరిగి ఉంటే గోడ ఇంకా కదులుతోంది.

3. వాటాదార్లు ఎందరో లెక్కేయండి

ఇక్కడే ఎక్కువ బేరాలు తప్పిపోతాయి. ఇల్లు తాతగారి పేరు మీదే ఉంటుంది, ఇంటిపన్ను ఆయన పేరుతోనే కడుతుంటారు. మీతో మాట్లాడే పెద్దబ్బాయి "అంతా నా మాటేనండీ" అంటాడు. ఆయన మాట నిజమే అయినా చాలదు. ఒక కాగితం మీద తాతగారి నుంచి వంశవృక్షం గీయించండి. కొడుకులు, కూతుళ్ళు, చనిపోయిన వాళ్ళ భార్యాపిల్లలు, అందరూ అందులో ఉండాలి.

కూతుళ్ళని వదిలేస్తారు, జాగ్రత్త. "కట్నం ఇచ్చేశాం కదా" అనే మాట చట్టం ముందు నిలవదు. ఆంధ్రప్రదేశ్ సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్ళయిందా లేదా అన్న తేడా పోయింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చేదనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదనీ 2020లో వినీత శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకం అయిపోయి ఉంటే లెక్క మారుతుంది. ఆ దస్తావేజు కళ్ళతో చూడండి. పాత కాగితం మీద పెద్దమనుషుల సంతకాలతో ఉన్న పంపకాల జాబితా చూపిస్తే లాయరు చేతిలో పెట్టండి, మీరే అర్థం చెప్పుకోకండి.

విదేశాల్లో ఉన్న వాటాదార్లు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తారు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఎన్‌ఆర్‌ఐ వాటాకి టీడీఎస్ (చెల్లించే డబ్బులోంచి ముందే కోసే ఆదాయపన్ను) లెక్క కూడా వేరు, కోయాల్సిన బాధ్యత కొనేవాళ్ళదే, కాబట్టి డబ్బు చెల్లించే ముందే ఆడిటర్‌ని కలవండి.

ఒక్క చెల్లెలు సంతకం పెట్టనంటే మిగతా వాళ్ళ వాటాలు కొనేసి తర్వాత చూసుకుందామనే ఆలోచన పెట్టుకోవద్దు. కోర్టులో పంపకాల దావా తేలేలోపు కప్పు కూలిపోతుంది.

4. కాగితాలు, హద్దులు

పాత ఇళ్ళు ఎక్కువగా గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ కోసం ఉన్న స్థలంలో, ఉంటాయి, పొలానికి ఉన్నట్టు విడి సర్వే నంబరు, పాస్ పుస్తకం ఉండకపోవచ్చు. లింకు దస్తావేజులు (ఆస్తి ఇదివరకు చేతులు మారిన పాత దస్తావేజులు), ఇంటిపన్ను రసీదులు, కరెంటు మీటరు పేరు, పంచాయతీ రికార్డు, ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఇలాంటి ఇంటికి ఆ వెతుకులాట తప్పదు. అగ్రహారాల్లోనూ, గుళ్ళ చుట్టుపక్కలా ఇనాం భూములు, దేవాదాయ భూములు కలిసిపోయి ఉంటాయి కాబట్టి రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఆ స్థలం ఉందేమో అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోండి. గ్రామకంఠం ఇల్లు, పైగా పాతది అంటే బ్యాంకు లోను తేలిగ్గా రాదు. చేతి డబ్బుతోనే లెక్క వేసుకోండి.

హద్దుల్లో ముఖ్యంగా అడగాల్సింది చూరు నీళ్ళ గురించి. మీ కప్పు బయటి వాలు నుంచి పడే నీళ్ళు పక్కవాళ్ళ స్థలంలో పడుతున్నాయా? ఇన్నాళ్ళూ వాళ్ళూ వీళ్ళూ అన్నదమ్ముల బిడ్డలు కాబట్టి ఎవరూ అడగలేదు. మీరు బయటివాళ్ళు, రేపు పెంకు దించిన రోజే పక్కింటాయన వచ్చి "మా స్థలంలోకి చూరు దించడానికి వీల్లేదు" అంటాడు. ఉమ్మడి గోడ, ఉమ్మడి నుయ్యి, దొడ్డిదారి కూడా ఇలాంటివే. మరో మధ్యవర్తి లేకుండా మీరే వెళ్ళి ఆ ఇంట్లో కాఫీ తాగి, మాట్లాడి, ఒప్పుకున్నది దస్తావేజులో హద్దుల దగ్గర రాయించండి.

ఇంట్లోనో దొడ్డి పాకలోనో ఎవరైనా కాపలాగా ఉంటుంటే, ఎన్నాళ్ళుగా, ఏ మాట మీద ఉంటున్నారో కనుక్కోండి. రిజిస్ట్రేషన్ నాటికి ఇల్లు ఖాళీగా అప్పజెప్పాలన్న షరతు అగ్రిమెంటులో ఉండాలి.

5. ధర, కలప జాబితా

ఊళ్ళో ఈ ఇళ్ళకి ధర కట్టే పద్ధతి ఇది: సెంటు రేటు ఇంత, దాని మీద కలప ఇంత. ఇంటికి విడిగా విలువ ఉండదు, పడగొట్టే కూలి కూడా తగ్గిస్తారు. పాత కలప వ్యాపారి ముందే వచ్చి స్తంభాలకి, ద్వారబంధాలకి ఒక రేటు చెప్పి వెళ్ళి ఉంటాడు. ఆ అంకె ఎంతో కనుక్కోండి, మీ బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. "మేము పడగొట్టం, ఉంటాం" అన్నమాట మాత్రం దాచుకోకండి. పుట్టిన ఇల్లు నిలబడుతుందంటే ధర దగ్గర పట్టు సడలించే తోబుట్టువు ఒకరైనా ఉంటారు.

అగ్రిమెంటుకి ఒక జాబితా జతచేయండి. స్తంభాలు ఎన్ని, ద్వారబంధాలు ఎన్ని, తలుపు రెక్కలు, కిటికీలు, మండువా గ్రిల్లు, ఉయ్యాల బల్ల, దాని గొలుసులు, భోషాణం, అటక మీద పెంకులు, నూతి గిలక దాకా ఫోటోలతో రాయండి. అడ్వాన్సుకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య "అమ్మ గుర్తుగా" అని ఒకరు సింహద్వారం తలుపులు పట్టుకుపోవడం ఈ వైపు మామూలే. వాళ్ళకి కావాల్సినవి ఉంటే ముందే అడిగి, అవి జాబితాలోంచి తీసేస్తే గొడవ ఉండదు. ఇవ్వదగ్గవి ఇచ్చేయండి, నిజంగానే వాళ్ళమ్మ గుర్తులవి.

6. పని ఏ నెలలో, ఏ వరసలో

సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెట్టి మృగశిర కార్తెకి కప్పు మూసేయాలి. పైగా ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు నేలలో నీరు కిందికి దిగుతుంది. పునాది, తూము, సెప్టిక్ ట్యాంకు తవ్వకాలకి అదే అదను. కాలువలు వదిలాక తవ్వితే మోటారు పెట్టి తోడుకుంటూ కూర్చోవాలి.

మొదట తూము. ఇల్లంతా తవ్వాల్సి వచ్చినా సరే, దాన్ని ముందు బాగుచేయండి. వీధి ఎత్తైపోయి ఉంటే వీధి వైపు మూసేసి దొడ్డి వైపు కొత్త దారి పెట్టుకోవడం మంచిది, అక్కడ ఇంకుడు గుంటో, పంటబోదో ఉంటే ఇంకా తేలిక. నేల మొత్తం ఎత్తు చేద్దామని మేస్త్రి అంటాడు. ఒప్పుకుంటే స్తంభాల పాదాలు కూరుకుపోతాయి, గుమ్మాలు పొట్టివవుతాయి.

తర్వాత కప్పు. ఒకేసారి నాలుగు వాలులూ విప్పకండి, ఒక్కొక్క వైపే విప్పి, కట్టి, రెండో వైపు వెళ్ళండి. విప్పే ముందు ప్రతి వాసానికీ దూలానికీ సుద్దతో నంబరు వేసి ఫోటో తీసుకోండి. బెంగళూరు పెంకు అయితే ఒకటి వెనక్కి తిప్పి చూడండి, ఫ్యాక్టరీ పేరు అచ్చు ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ పెంకు గాడి ఇంకో ఫ్యాక్టరీ పెంకుకి సరిగ్గా కూర్చోదు. తగ్గిన పెంకుల కోసం చుట్టుపక్కల ఊళ్ళలో పడగొట్టే ఇళ్ళ దగ్గర అదే పేరున్నవి వెతికించండి. దొరక్కపోతే ఉన్న పాతవన్నీ ఒక వాలుకి, కొత్తవి ఇంకో వాలుకి వేయించండి. కలిపి వేస్తే ప్రతి వానకీ ఇంట్లో గిన్నెలు పెట్టుకోవాలి. నాటు పెంకు కప్పయితే ఏటా తిరగనేయించుకోవాల్సిందే, నేసేవాళ్ళు తగ్గిపోతున్నారు కాబట్టి ఆ మనిషి ఉన్నాడో లేడో ముందే చూసుకోండి.

రీపర్లు (పెంకు ఆనే సన్న చెక్క పట్టీలు) అన్నీ కొత్తవి వేయండి, అక్కడ పీనాసితనం వద్దు. మూలల్లో రేకు వెడల్పుగా, రెండు వైపులా పెంకు కిందికి బాగా దిగేట్టు పరిపించండి. 1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో పెంకు ఎలా లేచిపోయిందో ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్తారు. గాలి చూరు కింద నుంచి దూరి ఎత్తేస్తుంది కాబట్టి చూరు వైపు వరసల్ని తీగతో రీపరుకి కట్టించండి. బెంగళూరు పెంకుకి వెనక తీగ దూర్చే రంధ్రం ఉండేది అందుకే.

మండువా మీద ఫైబర్ రేకు మూసేయాలని ఇంట్లో వాళ్ళు పట్టుబడతారు. మూస్తే వేడి బయటికి పోయే దారి పోతుంది, ఇల్లు ఉడికిపోతుంది. ఇనుప గ్రిల్లు, దాని మీద జాలీ చాలు, దొంగలకీ కోతులకీ అదే మందు. కోతులున్న ఊరైతే పెంకు బడ్జెట్‌లో ఏటా కొంత వాటికని రాసిపెట్టుకోండి, నవ్వులాటకి అనడం లేదు.

7. గోడలకి సిమెంటు వద్దు

నేలలోంచి చెమ్మ ఇటుకలోకి ఎక్కుతుంది, సున్నం పూత గుండా ఆరిపోతుంది. గోడ అడుగున సిమెంటు పూసినా, టైల్స్ అంటించినా ఆ దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. రెండేళ్ళకి సిమెంటు పైన చవుడు తేలి పెచ్చులు రాలతాయి. అప్పుడు ఇంకో రెండడుగులు సిమెంటు పూస్తారు. ఈ పని నడుము దాకా చేసి ఉన్న ఇళ్ళే ఎక్కువ, ముందు అదంతా గొట్టించేయండి, ఒక ఎండాకాలం ఉత్త ఇటుక ఆరనివ్వండి.

ఆ తర్వాత సున్నం. గుల్ల సున్నమైనా రాతి సున్నమైనా నీళ్ళలో వారాల తరబడి నాననివ్వాలి. ఇసుక కలిపి గానుగలోనో గ్రైండరులోనో బాగా రుబ్బించాలి, నదీ ఇసుకే వాడాలి, ఉప్పు ఇసుక పనికిరాదు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలపడం పాత పద్ధతి, తెలిసిన తాపీ మేస్త్రి ఉంటే కలపమనండి. పలచగా రెండు మూడు పూతలుగా వేసి, ప్రతిదీ నీడలో, తడిపట్టా కింద నెమ్మదిగా ఆరనివ్వాలి. గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుని తాపీ మేస్త్రిని తొందరపెడితే నెర్రెలిస్తుంది. పైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఈ శ్రమంతా వృథా, వెల్లే వేయండి.

ఈ పని గుత్తకి ఇవ్వకండి. విప్పితే గానీ లోపల ఏముందో తెలియని చోట గుత్తవాడు నష్టపోకుండా దాచేస్తాడు. రోజు కూలి, సామాను మీది, అదే నయం.

8. కలప, కరెంటు, బాత్రూములు

స్తంభాల మీద ఏళ్ళ తరబడి వేసిన ఎనామిల్ రంగు గీకేటప్పుడు పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని, తడిపి గీకించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. చెదల మందు గోడ అడుగున రంధ్రాలు పెట్టి ఎక్కించాలి, నుయ్యి దగ్గర మాత్రం వద్దు.

చెక్క పట్టీల మీద పాత వైరింగ్ అంతా తీసేసి ఎర్తింగ్‌తో సహా కొత్తది వేయించండి. మట్టి గోడల్లో గాళ్ళు కొట్టనివ్వకండి, పైపులు గోడ మీదే కనపడేట్టు పోనివ్వండి. బాత్రూములు వెనక వసారాలోనో దొడ్లో విడిగానో కట్టుకోండి. పడకగదికి అంటి ఉండాలని మండువా గదుల్లో పెడితే, స్తంభాల పక్కనే రోజూ నీళ్ళు. సెప్టిక్ ట్యాంకు నూతికి కనీసం యాభై అడుగుల దూరంలో ఉండాలి. మీ నూతికే కాదు, పక్కింటి నూతికి కూడా.

9. తాళం వేసి వెళ్ళిపోతే

పండగలకి వచ్చే ఉద్దేశంతో కొంటున్నారా? అయితే రోజూ తలుపులు తీసి గాలి ఆడనిచ్చి, వారానికోసారి మూలలు, అటక చూసి, వానలో జారిన పెంకు సరిచేయించే మనిషి కావాలి. జీతానికి పెట్టుకుంటే జీతం రసీదు, ఇంట్లో ఉండనిస్తే ఏడాదికోసారి తిరగరాసే కాగితం ఉండాలి. వానలు మొదలయ్యే ముందు తూములో చెత్త తీయించి, మళ్ళీ నాలుగు బిందెలు పోసి వీడియో తీసి పంపమనండి. ఈలోగా పంచాయతీలో ఇంటిపన్ను, కరెంటు మీటరు మీ పేరు మీదికి మార్పించుకోండి. తాతగారి పేరుతోనే వదిలేస్తే, రేపు మీ పిల్లలు అమ్మాల్సి వచ్చినప్పుడు మూడో అడుగులో చెప్పిన వంశవృక్షం మళ్ళీ గీయాలి.